గ్లామర్ అను పదము – దాని పుట్టుపూర్వోత్తరాలు

మన కళాశాలకు గ్లామర్ చాలదన్న మాట ఈ మధ్య తరచు వినవస్తున్నది. విద్యార్థులు అంటున్నారు, వారి తల్లిదండ్రులు అంటున్నారు, కమిటీ పెద్దలలో కొందరు కూడ అంటున్నారు. ప్రవేశాల కాలంలో ఊరంతా పంచిపెట్టే రంగురంగుల కరపత్రాలు చూచినప్పుడు ఈ మాటకు మరింత బలం చేకూరుతున్నది. తెలుగు, ఉర్దూ విషయాలకు గ్లామర్ లేదు గనుక వాటి పీరియడ్లు కొన్ని తగ్గించి, ఆ కాలాన్ని ఆకర్షణ గల ఇతర విషయాలకు మళ్ళించవచ్చునన్న సూచన ఒకటి బయలుదేరినది. అందులోను ముందుగా వేటు పడవలసినది వ్యాకరణం మీదనేనట! సూచనలోని మంచిచెడ్డలు కమిటీవారు విచారింతురు గాక. మేము మాత్రం అందులోని ముఖ్యపదాన్ని పట్టుకొని కొంతదూరం వెనుకకు నడవదలచినాము. ఎందుచేతనంటే, గ్లామర్ కోసం గ్రామర్‌ను తీసివేయుదమనేవారు తమకు తెలియకుండనే ఒక తమాషా చేస్తున్నారు. ఆ రెండు మాటలూ ఒక్కటే.

ఇది చమత్కారానికి అన్న మాట కాదు, నిఘంటుకారులు ఒప్పుకొన్న విషయం. గ్రీకు భాషలో 'గ్రమ్మ' అనగా వ్రాయబడినది, అక్షరం. అక్షరాలకు సంబంధించిన కళ 'గ్రమ్మతికే'. అది లాటిన్‌లో 'గ్రమ్మతికా' అయి, ప్రాచీన ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి గ్రామర్ అయినది. టెలిగ్రాం, గ్రామఫోను ఈ కుటుంబంలోనివే. కొట్టువాడు తూచే గ్రాము కూడ వీటికి దూరపు చుట్టమే. ఇంతవరకు వింత ఏమీ లేదు. వింత అంతా ఆ పదం యూరపు పల్లెలలో అడుగుపెట్టిన తరువాత జరిగినది.

మధ్యయుగాల యూరపులో గ్రామర్ అంటే నేడు మనమనుకొనే సంధులు, విభక్తులు మాత్రమే కాదు. లాటిన్ చదువు, ఆ చదువు ద్వారా వచ్చే పాండిత్యం సమస్తం ఆ పేరుతోనే చెలామణి అయ్యేది. చదువు మఠాలలోను, మతాధికారుల చేతులలోను ఉండేది. పొలం దున్నుకొనే మనిషికి అక్షరం ముక్క రాదు. తన ఎదుట ఒక గురువు తోలుపత్రం విప్పి, దానిమీది నల్లని గీతలను చూస్తూ, తనకు అర్థం కాని భాషలో ఏదో ఉచ్చరిస్తాడు. ఆ ఉచ్చారణతో పెళ్ళి జరుగుతుంది, శిశువుకు పేరు వస్తుంది, చనిపోయినవానికి సద్గతి కలుగుతుంది. జ్యోతిషం, రసవాదం, భూతవైద్యం గూర్చిన గ్రంథాలు కూడ ఆ లాటిన్‌లోనే ఉండేవి. ఇక చదువుకు, మంత్రానికి నడుమ గీత ఎక్కడ గీయగలడు పాపం, ఆ నిరక్షరాస్యుడు? గ్రామర్ తెలిసినవాడు దయ్యాలను కూడ రప్పించగలడని నమ్మినాడు. ఫ్రెంచి భాషలో వ్యాకరణ శబ్దమే రూపం మారి 'గ్రిమ్వార్' అయినది. దానికి మంత్రతంత్రాల పుస్తకమని అర్థం. మధ్యకాలపు ఇంగ్లీషులో 'గ్రామరీ' అన్న రూపానికి మొదట విద్య, పిదప గుప్తవిద్య అని అర్థాలు ఏర్పడినవి.

స్కాట్లండు ప్రజల నోట ఈ మాటలోని మొదటి రేఫం లకారమైనది. గ్రామర్ కాస్తా గ్లామర్! ఒకే పదంలో రెండు రేఫలున్నప్పుడు నాలుక ఒకదానిని మార్చుకొనడం లోకసహజం. లాటిన్‌లో 'పెరిగ్రీనస్' అన్న పరదేశి ఇంగ్లీషులో 'పిల్‌గ్రిం' అయినది ఈ తోవనే. మన ఆలంకారికులు 'రలయోరభేదః' అని రేఫ లకారాలకు భేదం పాటించనక్కరలేదని ఏనాడో అన్నారు. హాస్పిటల్‌ను ఆసుపత్రిగా, నెంబరును లంబరుగా మార్చుకొన్న మన పల్లెటూరి నాలుకకు ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

ఈ కొత్త రూపానికి అచ్చులో అర్థం చెప్పినవారిలో తొలివాడు అలన్ రామ్సే అనే స్కాటిష్ కవి. తన కవితలకు కూర్చిన పదకోశంలో, దయ్యాలో మాంత్రికులో గారడీవాండ్రో చూచేవారి దృష్టిని మోసగించినపుడు వాడే మాటగా గ్లామర్‌ను ఆయన వివరించినాడు. ఈ రామ్సే పుస్తకాల వ్యాపారంలోకి రాకముందు ఎడింబరోలో విగ్గులు చేసే వృత్తిలో ఉండేవాడు. కృత్రిమకేశాలు అమ్మినవాడే గ్లామర్‌కు అర్థం చెప్పడం ఎంతటి ఔచిత్యం! నేటి సినిమా ప్రపంచంవారు ఆయన పటం కట్టి పూజించినా తప్పులేదు. రాబర్ట్ బర్న్స్ 1789లో ఒక పద్యంలో గ్లామర్‌ను, గ్రామర్‌ను అంత్యప్రాసగా జతకూర్చినాడు. రెండింటి చుట్టరికం ఆయన చెవికి తెలిసే ఉండవలె. 1805లో సర్ వాల్టర్ స్కాట్ కావ్యమొకటి ఈ స్కాటిష్ మాటను ఇంగ్లీషు చదువరులందరికి పరిచయం చేసినది. ఆ కావ్యంలో గ్లామర్ ఒక మంత్రగ్రంథం నుండి పుట్టే శక్తి. దాని ప్రభావంతో చెరసాల గోడమీది సాలెగూడు రాజమందిరంలోని చిత్రతెరలా కనబడుతుంది, వార్ధక్యం యౌవనంలా కనబడుతుంది. కనబడుతుంది, అంతే, మారదు.

స్కాట్లండు జానపద గేయాలలో ఈ మాట తరచు జిప్సీలకు అంటుకొని ఉంటుంది. కోటలోని దొరసాని మీద జిప్సీలు గ్లామర్ చల్లి తమ వెంట తీసుకొనిపోయిన కథ అక్కడ బహుళప్రచారంలో ఉన్నది. ఆ జిప్సీల భాష మన దేశపు ఆర్యభాషల శాఖకు చెందినదని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించినారు. అది వేరే వ్యాసానికి తగిన విషయం గనుక ఇక్కడ విడిచిపెడుతున్నాము.

గమనింపదగినది, ఆనాటి గ్లామర్ అందం కాదు. అది చూపుపై జరిగే ప్రయోగం. దీనికి సరియైన తెలుగు మాట కోసం మన పత్రికలవారు తంటాలు పడి 'ఆకర్షణ', 'తళుకు', 'మెరుపు' అంటుంటారు. అసలు మాట మన సంతలలో, తిరునాళ్ళలో శతాబ్దాలుగా ఉన్నది: కనికట్టు. కన్నును కట్టివేయడం. ఉర్దూలో గారడీవాని విద్యకు 'నజర్‌బందీ' అని పేరు. నజర్ అనగా చూపు, బందీ అనగా కట్టు. స్కాట్లండు కాపు, తెలుగు రైతు, దక్కనీ మాట్లాడే మన ముసలివారు ఒకరినొకరు ఎరుగకుండనే ఒకే ఉపమానాన్ని పట్టుకొన్నారు! పవిత్ర ఖురానులోని ఏడవ సూరాలో, మూసా ప్రవక్త ఎదుట ఫిరౌను మాంత్రికులు చూపిన విద్యను చెప్పినపుడు కూడ వారు జనుల కన్నులపై ఇంద్రజాలం చేసినారనే ఉన్నది. వస్తువు మారలేదు, కన్ను మోసపోయినది. నజర్‌బందీకి ఉర్దూలో మరొక అర్థం కూడ ఉన్నదని ఉర్దూ విభాగపు విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక మనిషిని ఇంటిలోనే నిర్బంధించి కావలి ఉంచడాన్ని కూడ నజర్‌బందీ అంటారు. కన్ను కట్టబడినవాడు ఖైదీ అయినాడని ఆ భాష ఒక్క మాటలో చెప్పివేసినది.

మన 'గారడీ' చరిత్ర కూడ ఇటువంటిదే. గారుడవిద్య అనగా పాము విషానికి విరుగుడు తెలిసిన విద్య. ప్రాణం నిలిపే విద్య పేరు చివరకు వీధిలో డోలు కొట్టి పైసలడిగే ఆటకు మిగిలినది. చదువు పేరు తళుకుకు మిగిలినట్లే.

అక్షరంలో ఏదో అద్భుతశక్తి ఉన్నదన్న భావం ఒక్క యూరపుదే కాదు. చదువురాని మన నానీమాలు అరబీ అక్షరాలున్న కాగితం ముక్క నేలమీద కనబడితే తీసి కళ్ళకద్దుకొని గోడసందులో దాచేవారు. పొరుగింటి హిందూ తల్లులు పుస్తకానికి కాలు తగిలితే అదే విధంగా కళ్ళకద్దుకొనేవారు. కష్టాలన్నిటికి నుదుటివ్రాతను నిందించడంలో రెండిండ్లవారిదీ ఒకే మాట. ఇందులో మోసమేమీ లేదు. తమకు అందనిదానిపట్ల ఉన్న గౌరవం అది. మోసం వేరుచోట ఉన్నది.

మన పల్లెలకు కూడ ఒక గ్రిమ్వార్ ఉండేది. అది కరణంగారి చిట్టా, పట్వారీగారి దస్తరం. కోస్తా, రాయలసీమ గ్రామాలలో కరణాలు వ్రాసే గొలుసుకట్టు వ్రాతను బడిలో నాలుగు తరగతులు చదివినవాడు కూడ పోల్చుకోలేకపోయేవాడు. నిజాం రాజ్యంలోని కాగితాలలో కనబడే శికస్తా లిపి, పేరుకు తగినట్లు విరిగి ముక్కలైన వ్రాత, ఉర్దూ వచ్చినవానికి కూడ ఒక పట్టాన లొంగేది కాదు. ఆ గీతలలో ఎకరం అరఎకరం కాగలదు, తీరిన అప్పు తీరనిది కాగలదు, ఒకరి పట్టా మరొకరిది కాగలదు. రైతు చేయవలసినదల్లా బొటనవ్రేలు చాచడమే. గొలుసుకట్టు కూడ ఒక కనికట్టే! స్కాట్లండు రైతు లాటిన్ పత్రం ఎదుట నిలిచిన తీరుకు, మన రైతు దస్తావేజు ఎదుట నిలిచిన తీరుకు భేదం లేదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దుచేసినది. కాని అంతకుముందే ఎన్నో ఇండ్లలో ఆ మంత్రం బలహీనపడినది. ఆ ఇంటి పిల్లవాడొకడు బడికి పోయి, తిరిగి వచ్చి, కాగితం చేతికి తీసుకొని పైకి చదివిననాడు అది బలహీనపడినది. ఈ సంచిక చదివే విద్యార్థినీ విద్యార్థులలో అనేకుల తాతలు వ్రేలిముద్ర వేసినవారే.

పండితులు కూడ ఈ విషయంలో నిర్దోషులు కారు. వ్యాకరణాన్ని ఇతరులను బెదిరించడానికి వాడుకొన్నవారు మన భాషలోను ఉన్నారు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సూత్రరచనలో మిక్కిలి అందమైన గ్రంథం. ఆయన పిల్లలకనే వ్రాసినాడు. తరువాతివారు దానిని దండంగా మార్చి, ఆ సూత్రాలకు ఒదగని తెలుగంతా తప్పేనన్నారు. తమ నోటితో రోజూ మాట్లాడే తెలుగును బడిలో వ్రాయడానికి వీలులేని స్థితి పిల్లలకు ఏర్పడినది. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఆ స్థితిని ఎదిరించి జీవితకాలమంతా పోరాడినారు. ఆయనను వ్యాకరణశత్రువని ఆనాడు కొందరు అనుకొన్నారు. కాని పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాష నేర్చుకొని, లిపి లేని ఆ భాషకు పాఠపుస్తకాలు, వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేసినది ఆయనే! బెదిరించే వ్యాకరణాన్ని కాదన్నవారు, కన్ను తెరిపించే వ్యాకరణాన్ని తమ చేతులతో వ్రాసినారు. మా దృష్టిలో గ్లామర్‌కు, గ్రామర్‌కు నడుమ ఉన్న వ్యత్యాసం ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనబడదు.

మాట అర్థం కూడ ఇదే చెబుతున్నది. వ్యాకరణమనగా విడదీసి చూపడం. పదాన్ని ప్రకృతిగా, ప్రత్యయంగా విప్పి, ఇది ఇట్లా కట్టబడినదని చూపడం. కనికట్టు కట్టేది, వ్యాకరణం విప్పేది.

ఇక నేటి గ్లామర్ సంగతి. పందొమ్మిదవ శతాబ్దంలో మంత్రాలమీద నమ్మకం సన్నగిల్లిన కొద్దీ ఈ మాటలోని దయ్యం వెడలిపోయి, మనసును లాగే శోభ అన్న అర్థం మిగిలినది. ఇరవయ్యవ శతాబ్దంలో హాలీవుడ్ దానిని కొనుక్కొన్నది. 1930లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ కంపెనీలో చేరిన జార్జి హరెల్ అనే ఛాయాగ్రాహకుడు తారల ముఖాలపై దీపాలను నిలిపిన విధానం ఒక సంప్రదాయమే అయినది. దీపం ఎత్తు, నీడ జారే కోణం లెక్కకట్టి నిర్ణయించేవారు. ముడతలు, మచ్చలు నెగటివు మీదనే పెన్సిలుతో సరిదిద్దేవారు. 1939లో అమెరికాలో వెలువడిన ఒక స్త్రీల పత్రికకు 'గ్లామర్ ఆఫ్ హాలీవుడ్' అనే పేరు పెట్టినారు. పాతకాలపు మాంత్రికుని పుస్తకం పోయి, దాని స్థానంలో దీపం, కెమెరా, పెన్సిలు వచ్చినవి; ప్రయోగం మాత్రం పూర్వంవలెనే కంటిమీద.

ఇక్కడ విద్యార్థినులకు ఒక మాట. స్కాట్లండులో 1563 నాటి మంత్రవిద్యా నిషేధ చట్టం 1736 వరకు అమలులో ఉండినది. ఆ కాలంలో మంత్రగత్తెలన్న నేరం మోసి శిక్షలు పొందినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. అనగా రామ్సే తన పదకోశం అచ్చు వేయించేనాటికి, కన్నులకు గ్లామర్ కమ్మించగలదన్న పేరు ఒక స్త్రీకి రావడం ప్రాణాపాయం. రెండు శతాబ్దాల తరువాత అదే మాట 'గ్లామర్ గర్ల్' అని ఆమెకు బిరుదు అయినది. మొదటిది క్రూరమనడంలో వివాదం లేదు. రెండవది ఆమెకు ఏ మేరకు గౌరవమో, ఆ మాట పుట్టుకను ఎరిగిన తరువాత విద్యార్థినులే తేల్చుకొనవచ్చును. చూచేవాని కన్ను బలహీనమైతే చూడబడే స్త్రీకి పేరు పెట్టడం మాత్రం రెండు కాలాలలోను ఉన్నది.

నేడు ప్రతి విద్యార్థి జేబులోను ఉన్న ఇన్‌స్టాగ్రామ్ సంగతి కూడ చెప్పకుండ ఉండలేము. 2010లో వచ్చిన ఆ సాధనానికి తక్షణమే ఫోటో ఇచ్చే కెమెరా పేరునుండి, టెలిగ్రాం పేరునుండి చెరొక ముక్క తీసి పేరు కూర్చినారు. మన దేశంలో టెలిగ్రాం 2013లో ముగిసినది; దాని తోక మాత్రం ఈ విధంగా బ్రతికి ఉన్నది. ఆ తోకలో ఉన్నది గ్రీకుల 'గ్రమ్మ', అనగా అక్షరం! గ్లామర్‌కు నేడు అన్నిటికంటె పెద్ద సంత అయినచోట, దాని తల్లి పేరు గుమ్మం మీదనే వ్రాసి ఉన్నది. లోపల మాత్రం ముఖాన్ని నునుపు చేసే, కళ్ళు పెద్దవి చేసే, రంగు తేల్చే ఏర్పాట్లు వ్రేలికొనన ఉన్నవి. హరెల్‌కు పెన్సిలు పట్టుకొని గంటలు పట్టిన పని ఇప్పుడు రెప్పపాటు. ఇది తప్పని మేము అనడం లేదు. ముచ్చట పడే వయస్సు పిల్లలది. కాని ఆ చిత్రం ఏ విధంగా కట్టబడినదో తెలిసి చూచేవాడు వేరు, తెలియక దానితో తన ముఖాన్ని పోల్చుకొని కుమిలిపోయేవాడు వేరు. దస్తావేజు ఎదుట తాతగారు, ఆ తెర ఎదుట మనుమరాలు ఒకే విధంగా నిలబడడం మాకు సమ్మతం కాదు. ప్రకటనలోని వాక్యంలో కర్త ఎవరో, క్రియ ఏదో, ఏ విశేషణం దేనిని కప్పిపుచ్చుతున్నదో అడగడం నేర్పేది ఏ పీరియడు? ఇప్పుడు తగ్గించదలచిన ఆ పీరియడే.

వ్యాకరణానికి ఇంకొక గుణం ఉన్నది. పుట్టుకతో రానివారికి కూడ అది లొంగుతుంది. అరబీ వ్యాకరణానికి మూలస్తంభమై, 'అల్ కితాబ్' అన్న పేరుతోనే ప్రసిద్ధమైన గ్రంథాన్ని ఎనిమిదవ శతాబ్దంలో రచించిన సీబవైహి అరబ్బు కాడు, పారశీకుడు. పిఠాపురపు ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు పద్యం ఎత్తుకొన్నప్పుడు ఆయన మతమేదని ఛందస్సు అడగలేదు. తెలుగు పాఠం చెప్పే ముస్లిమును చూచి నేటికీ కొందరు వింతపడుతుంటారు; అది కూడ ఒక చిన్న కనికట్టుగానే మేము భావిస్తాము.

కళాశాలకు కొత్త రంగు వేయించదలిస్తే వేయించవచ్చును, కరపత్రంలో బొమ్మలు ముద్రించదలిస్తే ముద్రించవచ్చును. మాకు అభ్యంతరం లేదు. పీరియడ్ల విషయం మాత్రం పునరాలోచింపవలెనని మా అభ్యర్థన. దానికి తోడు ఖర్చులేని మనవి ఒకటి ఉన్నది. మన గ్రంథాలయంలో గాజు తలుపుల బీరువా ఒకటి ఉన్నదని అందరికీ తెలుసును. అందులో బ్రౌన్ దొర నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం, వాటి ప్రక్కనే ఆసఫ్‌జాహీల ఆదరణను పేరులోనే నిలుపుకొన్న ఫర్హంగె ఆసఫియా సంపుటాలు వరుసగా ఉన్నవి. అతిథులు వచ్చినపుడు చూపడానికి చాల శోభగా ఉంటుంది. తాళం వేసి ఉండడంచేత విద్యార్థులకు వాటి వీపులు మాత్రమే కనబడుతున్నవి. ఆ తాళపుచెవి కార్యాలయంలో కాక, గ్రంథాలయంలోనే, అడిగిన విద్యార్థి చేతికి అందేచోట ఉంచవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాము.